వాష్‌బేసిన్ కుళాయి మనమే మార్చుకోవచ్చా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శ్రీకాకుళం బలగలో అద్దె ఇల్లు, రెండో అంతస్తు. వాష్‌బేసిన్ కుళాయి ఎంత గట్టిగా కట్టినా చుక్కలు ఆగడం లేదు. ప్లంబరు నాలుగు రోజులుగా "రేపొస్తానమ్మా" అంటున్నాడు. మీరు ఆన్‌లైన్‌లో కొత్త కుళాయి తెప్పించి పెట్టుకున్నారు. దాన్ని మీరే బిగించుకోవచ్చా, టైల్స్ పగులుతాయా, ఏదైనా పాడైతే ఇంటివాళ్ళ చేత మాట పడాల్సి వస్తుందా అని టెన్షన్ పడుతున్నారు. ఎలాగూ మారుస్తున్నాం కదా, వేడినీళ్ళు కూడా కలిసే మిక్సర్ పెట్టుకుంటే మేలా అని చివర్లో అడిగారు.

మార్చుకోవచ్చు. ధైర్యంగా మార్చుకోండి. బేసిన్ మీద నిలబడి ఉండే కుళాయిని మేం పిల్లర్ కాక్ అంటాం. అది గోడలోకి పోదు. బేసిన్ కన్నంలోంచి కిందికి దిగి, అక్కడ ఒక నట్టుతో నిలుస్తుంది. దాని కాలికి ఒక కనెక్షన్ పైపు, ఆ పైపు రెండో చివర గోడ దగ్గర నీళ్ళు కట్టే చిన్న వాల్వుకి, అంటే యాంగిల్ కాక్‌కి. అంతే. టైల్స్ జోలికి వెళ్ళే పని లేదు. మొదటిసారి చేసేవాళ్ళకి గంట, మహా అయితే గంటన్నర పడుతుంది. గోడలోంచి నేరుగా బయటికొచ్చే కుళాయి సంగతి మాత్రం వేరు. దాని గురించి కింద విడిగా రాస్తాను.

నేను విజయనగరంలో 24 ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. మా మేనమామ దగ్గర జీఐ పైపులకి, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపులకి, మరలు కొయ్యడంతో మొదలైంది నా పని. సొంతంగా బిగించుకుని, కారుతోందని మళ్ళీ నన్ను పిలిచిన ఇళ్ళు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ చోట్ల చూసింది ఒకటే తప్పు. అందుకే నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళకి మరలకి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు గురించి మొదటి రోజే ఈ మాట చెబుతాను: వాషరు ఉన్నచోట టేపు వద్దు. వాషరు లేనిచోట టేపు తప్పదు. రెండు చోట్లా బలం చూపించొద్దు. ఇది ఎందుకో అర్థమైతే మిగతాదంతా పానా తిప్పడమే.

పనిలోకి దిగేముందు ఒకసారి చూడండి, నీళ్ళు సరిగ్గా ఎక్కడినుంచి కారుతున్నాయి? కట్టేసిన తర్వాత కూడా మూతినుంచి చుక్కలు పడుతుంటే లోపలి స్పిండిల్, అంటే పిడి తిప్పితే నీళ్ళు వదిలే, ఆపే భాగం, అరిగినట్టు. తిప్పినప్పుడు పిడి కింద మెడ దగ్గర నీళ్ళు ఊరితే స్పిండిల్‌కున్న రబ్బరు రింగు పోయినట్టు. బేసిన్ కింద తడి ఉంటే కనెక్షన్ పైపుని అనుమానించాలి. మొదటి రెండింటికీ కుళాయి మొత్తం మార్చక్కర్లేదు, స్పిండిల్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. పాత స్పిండిల్ ఊడదీసి చేత్తో పట్టుకెళ్ళి హార్డ్‌వేర్ షాపులో చూపించండి. పిడి కూర్చునే దగ్గర సన్నని పళ్ళు ఉంటాయి, వాటి లెక్క కంపెనీకి ఒక తీరుగా ఉంటుంది. ఫోన్‌లో చెప్పి తెప్పిస్తే సరిపోవడం కష్టం. మీరు కొత్తది కొనేశారు, పాతదాని పూత కూడా లేచిపోయిందన్నారు కాబట్టి మార్చడమే మంచిది. ఇదే ప్రశ్నతో వచ్చే ఇంకొకరికి అనవసరపు ఖర్చు తప్పాలని ఇక్కడ రాశాను.

ఇంకో మాట. చుక్కే కదా అని వదిలెయ్యకండి. సెకనుకో చుక్క పడితే రోజుకి 86,400 చుక్కలు. 20 చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు అనుకున్నా, రోజుకి 4 లీటర్ల పైమాట. వేసవిలో ట్యాంకు నిండడానికి మోటారు పక్కనే కాచుకుని కూర్చునే ఇళ్ళలో ఆ నాలుగు లీటర్లు తక్కువేం కాదు.

మన జిల్లాల్లో స్పిండిళ్ళు తొందరగా పోవడానికి కారణం నీళ్ళే. ఇప్పటి కుళాయిల్లో ఎక్కువగా పావు మలుపు తిప్పితే తెరుచుకునేవి వస్తున్నాయి. వాటి లోపల రెండు సిరామిక్ బిళ్ళలు అద్దంలా నున్నగా ఒకదానిమీద ఒకటి జారుతుంటాయి. వాటి మధ్య ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కున్నా గీత పడుతుంది, ఆ గీతలోంచే చుక్క మొదలవుతుంది. వానాకాలంలో నాగావళికి వరదొస్తే నీళ్ళు రంగు మారడం మీకు కొత్త కాదు. బోరు నీళ్ళయితే ఇసుకతో పాటు సున్నం కూడా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత నేనూ, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళూ పలాస వైపు చుట్టాల ఊళ్ళో పది రోజులు ఉండి పని చేశాం. మూతలు ఎగిరిపోయిన ట్యాంకుల్లో ఆకులు, ఇసుక, మట్టి. కరెంటు వచ్చి నీళ్ళు వదలగానే ఆ మట్టంతా పైపుల్లోకి దిగి, నెల తిరక్కుండా ఇంటింటా కుళాయిలు కారడం మొదలైంది. ట్యాంకు కడగకుండా కొత్త కుళాయి పెట్టినవాళ్ళవి రెండోసారి కూడా పోయాయి. మీ ట్యాంకు కడిగి ఏడాది దాటితే ఇంటివాళ్ళతో ఆ మాట కూడా చెప్పండి.

ఇక మీరు తెప్పించిన కుళాయి. డబ్బా విప్పి చేత్తో బరువు చూడండి. ఇత్తడిదైతే సైజుకి మించిన బరువు ఉంటుంది. తిరగేసి, మరల లోపలివైపు పూత లేని చోట చూడండి. పసుపు రంగు కనిపిస్తే ఇత్తడి. బూడిదరంగుగా, తేలిగ్గా ఉంటే జింకు కలిసిన చవక లోహం. అది మన ఉప్పునీళ్ళకి రెండు మూడేళ్ళలో మరల దగ్గరే తినేస్తుంది, తర్వాత విప్పబోతే ముక్క చేతికొస్తుంది. అలాంటిదైతే వాపసు గడువు ఉండగానే తిప్పి పంపెయ్యండి. అయస్కాంతంతో పరీక్ష చెయ్యమని కొందరు చెబుతారు. ఇత్తడికీ అంటుకోదు, జింకుకీ అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షతో ఈ రెండింటికీ తేడా తెలియదు. ఇత్తడి కుళాయికి ఐఎస్‌ఐ గుర్తు ఉంటే దాని దగ్గర ఐఎస్ 8931 అనే నంబరు ఉందేమో చూడండి. పెరట్లో, మేడమీద ఎండకీ ఉప్పుగాలికీ ఉండే కుళాయిలకైతే నేను ఇత్తడి పెట్టను. కళింగపట్నం, భావనపాడు వైపు ఇళ్ళలో పీటీఎంటీ అనే గట్టి ప్లాస్టిక్ కుళాయిలే పెడతాను. అందంగా ఉండవు కానీ తుప్పు అనే మాట ఉండదు.

సైజు కూడా చూసుకోండి. మన దగ్గర ఇళ్ళలో అంతా అర అంగుళం, అంటే 15 మిల్లీమీటర్ల లెక్క. స్కేలు పెట్టి మరల బయటివైపు కొలిస్తే దాదాపు 21 మిల్లీమీటర్లు వస్తుంది. తప్పు వచ్చిందని కంగారు పడకండి. అర అంగుళం అన్నది పైపు పేరు, మర కొలత కాదు. అమెరికా వీడియోలు చూసి బిగించబోయేవాళ్ళు ఇక్కడే ఇబ్బంది పడతారు. వాళ్ళ బేసిన్ల కింద ఉండే వాల్వుల సైజు వేరు, మరల కోత వేరు. విదేశం నుంచి చుట్టాలు తెచ్చిన కుళాయి అయితే కొనుక్కున్న కనెక్షన్ పైపు చేత్తో నాలుగు చుట్లు సాఫీగా ఎక్కుతుందో లేదో ముందే చూసుకోవాలి. బలవంతాన ఎక్కిస్తే మరలు పోతాయి.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఒక సర్దుబాటు పానా, మంచి టెఫ్లాన్ టేపు ఒకటి, కొత్త కనెక్షన్ పైపు ఒకటి, టార్చి, పాత తువ్వాలు, ఒక మగ్గు, రెండు పాత న్యూస్‌పేపర్లు. కనెక్షన్ పైపు పాతదే వాడుకుందామని అనుకోకండి. కొలిచి కొనండి. తిన్నగా బిగుసుకుపోయేంత పొట్టిగానూ ఉండకూడదు, మెలిక పడేంత పొడుగ్గానూ ఉండకూడదు. చాలా ఇళ్ళకి 18 అంగుళాలది సరిపోతుంది. బేసిన్ కింద కాలు ఉన్న రకమైతే చెయ్యి పట్టే చోటు తక్కువ. పొడుగు కాడ ఉన్న బేసిన్ రెంచి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి, లేకపోతే నట్టు దగ్గరే గంట గడిచిపోతుంది.

పొద్దున్నే మొదలుపెట్టండి. షాపులు మూసేవేళకి మొదలుపెట్టి, ఒక వాషరు తక్కువై, రాత్రంతా ఇంటిల్లిపాదీ నీళ్ళు లేకుండా ఉన్న ఇళ్ళు నాకు తెలుసు.

ఇప్పుడు నీళ్ళు కట్టడం. అన్నిటికంటే జాగ్రత్తగా చెయ్యాల్సింది ఇదే. బేసిన్ కింద యాంగిల్ కాక్ ఉంటుంది, దాన్ని కుడివైపుకి తిప్పి కట్టెయ్యండి. తర్వాత బేసిన్ కుళాయి తెరిచి చూడండి. ధార సన్నబడి పూర్తిగా ఆగితే మంచిది. ఏళ్ళ తరబడి తిప్పని యాంగిల్ కాక్ చాలాసార్లు సగంలో ఆగిపోతుంది, లేదా తిప్పిన తర్వాత మెడ దగ్గర కారడం మొదలుపెడుతుంది. అప్పుడు పానా పెట్టి బలవంతం చెయ్యకండి. మేడమీద ట్యాంకు దగ్గర మీ ఇంటికి దిగే పైపు వాల్వు కట్టాలి. ఏ వాల్వు ఏ ఇంటిదో పని మొదలుకాకముందే తెలుసుకోండి. ఒకటి కట్టి, ఇంట్లో అన్ని కుళాయిలూ తెరిచి చూస్తే తెలిసిపోతుంది. చక్రం ఉన్న పాత గేట్ వాల్వులు లోపల బిళ్ళ ఊడిపోయి, చక్రం తిరుగుతున్నా నీళ్ళు ఆగవు. అలాంటిదని తేలితే ఆ రోజుకి పని ఆపి ఇంటివాళ్ళకి చెప్పండి. గీజరు ఉంటే ముందు దాని స్విచ్చి కట్టెయ్యండి. నీళ్ళు రాని గీజరు కాలుతూ ఉండకూడదు.

అద్దె ఇల్లు కాబట్టి, ఇంటివాళ్ళకి ముందే ఒక ఫోను చేసి "కుళాయి మారుస్తున్నానండి, పాతది దాచి ఉంచుతాను" అని చెప్పండి. చెప్పకుండా చేస్తే రేపు ఎక్కడ తడి కనిపించినా మీ మీదికే వస్తుంది.

బేసిన్ తూముకి గుడ్డ అడ్డం పెట్టండి, చిన్న స్క్రూలు అందులో పడితే తియ్యడం పెద్ద పని. కింద మగ్గు పెట్టి, కనెక్షన్ పైపు నట్టు విప్పండి. పైపులో మిగిలిన నీళ్ళు కొన్ని పడతాయి, భయపడొద్దు. తర్వాత కుళాయి కాలి నట్టు. కింద పడుకుని పైకి చూస్తూ విప్పుతారు కాబట్టి కుడి ఎడమలు తారుమారైనట్టు అనిపిస్తుంది. కింది నుంచి చూస్తున్నప్పుడు గడియారం ముల్లు తిరిగే దిక్కుకి ఎదురుగా తిప్పాలి. తుప్పు పట్టి కదలకపోతే నట్టు మీద కాస్త కొబ్బరి నూనె వేసి అరగంట ఆగండి. మెకానిక్కులు వాడే స్ప్రే ఉంటే ఇంకా మంచిది. కుళాయి కూడా తిరిగిపోతుంటే పైన ఒకరు పట్టుకోవాలి. ఈ పనికి ఇద్దరుంటే సుఖం.

పాతది వచ్చాక కన్నం చుట్టూ ఉన్న తెల్లటి గార శుభ్రంగా గీకి తుడవండి. ఆ గార మీదే కొత్తది పెడితే అది ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు, ఊగుతుంది. కొత్త కుళాయి అడుగున రబ్బరు వాషరు పెట్టి కన్నంలో దించండి. కిందినుంచి ఇంకో రబ్బరు వాషరు, దాని తర్వాత లోహపు బిళ్ళ, చివర నట్టు. ఈ వరస మారకూడదు. పింగాణీకి లోహం తగలకూడదు, మధ్యలో రబ్బరు ఉండి తీరాలి.

పని నేర్చుకునే రోజుల్లో, కంటోన్మెంట్‌లో ఒక ఇంట్లో ఈ నట్టు నేనే బిగించాను. ఊగకూడదని ఇంకో సగం చుట్టు, ఇంకో సగం చుట్టు అంటూ తిప్పాను. టిక్ మని చిన్న చప్పుడు వచ్చింది, గాజు గాజుకి తగిలినట్టు. పైకి లేచి చూస్తే బేసిన్‌కి కన్నం నుంచి అంచుదాకా వెంట్రుకంత గీత. ఆ బేసిన్ డబ్బు మావయ్య కట్టారు, నా మీద కేక కూడా వెయ్యలేదు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. అందుకే చెబుతున్నాను, చేత్తో బిగిసేదాకా తిప్పి, ఆ తర్వాత పానాతో పావు చుట్టు, అంతకి మించి వద్దు. కుళాయి పట్టుకుని కదిపితే కదలకపోతే చాలు.

ఇప్పుడు కనెక్షన్ పైపు. దాని నట్టు లోపల చూడండి, ఒక రబ్బరు వాషరు ఉంటుంది. నీళ్ళని ఆపేది ఆ వాషరే, మరలు కాదు. మరలు చేసే పని ఆ వాషరుని నొక్కి పట్టడం మాత్రమే. అందుకే అక్కడ టేపు చుట్టకూడదు. టేపు చుడితే మర నిండిపోయి నట్టు మధ్యలోనే బిగుసుకుంటుంది, గట్టిగా ఎక్కిందని మనకి అనిపిస్తుంది, వాషరు మాత్రం అడుగున తాకి ఉండదు. కారుతోందని ఇంకా బిగిస్తాం. అప్పుడు నట్టు చీలుతుంది. కారుతోందని నన్ను పిలిచిన ఇళ్ళలో సగం చోట్ల నేను చేసింది టేపు విప్పి, వాషరు సరిచేసి, చేత్తో బిగించి పావు చుట్టు తిప్పడమే.

పైపుని మెలితిప్పకుండా చూసుకోండి. నట్టు తిప్పేటప్పుడు పైపు కూడా తిరిగిపోతుంటే రెండో చేత్తో పట్టుకోవాలి. మెలిపడిన పైపు లోపలి రబ్బరు ఒకచోట నలిగి, ఎప్పుడో ఒక రాత్రి పగులుతుంది.

దీని గురించి ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో సిరిమానోత్సవం నాడు ఒక కుటుంబమంతా అమ్మవారి దర్శనానికి వెళ్ళి, అటునుంచి చుట్టాలింట్లో భోంచేసి, రాత్రి పదింటికి ఇల్లు చేరారు. గుమ్మం కింది నుంచి మెట్లమీదికి నీళ్ళు. బేసిన్ కింద కనెక్షన్ పైపు పగిలి 1,000 లీటర్ల ట్యాంకు మొత్తం ఇంట్లోనే ఖాళీ అయింది. చెక్క బీరువాలు అడుగున ఉబ్బిపోయాయి, పెళ్ళి చీరలు తడిసి రంగులు కలిసిపోయాయి. ఆ ఇల్లాలు ఆ చీరలు ఒక్కొక్కటే పిండి బాల్కనీలో ఆరేస్తూ ఉంది, నేను కింద కూర్చుని పైపు విప్పుతున్నాను. పైపు పెట్టి మూడేళ్ళు కూడా కాలేదు. పైన స్టీలు అల్లిక నల్లబడి, తీగలు పుల్లల్లా విరిగి ఉన్నాయి. పక్కనే, బేసిన్ కింద మూలన బాత్‌రూమ్ కడిగే యాసిడ్ సీసా, మూత సరిగ్గా పెట్టకుండా. ఆ ఆవిరే అల్లికని తినేసింది. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు బేసిన్ కింద పెట్టకండి. పైపులు బాగున్నట్టు కనిపించినా అయిదేళ్ళకోసారి మార్చెయ్యండి. ఊరికి వెళ్ళేటప్పుడు ట్యాంకు వాల్వు కట్టేసి వెళ్ళండి.

బిగించడం అయ్యాక నీళ్ళు వదలండి, కానీ ఒక్కసారిగా వద్దు. ముందు కుళాయి మూతికి ఉన్న జల్లెడ మూత, ఏరేటర్ అంటారు, దాన్ని చేత్తో విప్పి పక్కన పెట్టండి. కుళాయి తెరిచి ఉంచి, యాంగిల్ కాక్ మెల్లగా తిప్పండి. మొదట గాలి, తర్వాత కాస్త మురికి, తర్వాత తేట నీళ్ళు వస్తాయి. రెండు నిమిషాలు పోనిచ్చి, కుళాయి కట్టి, జల్లెడ పెట్టెయ్యండి. ఈ పని చెయ్యకపోతే పైపులో కదిలిన తుప్పూ ఇసుకా అన్నీ ఆ జల్లెడలో చేరి, కొత్త కుళాయికి ధార రాలేదని మర్నాడే బాధపడతారు.

తర్వాత బేసిన్ కింద అంతా పొడి గుడ్డతో తుడిచి, నేలమీద న్యూస్‌పేపరు పరవండి. కీళ్ళ చుట్టూ కూడా చిన్న పేపరు ముక్కలు చుట్టి ఉంచండి. వేలికి తెలియని చెమ్మ కూడా పేపరు మీద నల్లటి మచ్చగా కనిపిస్తుంది. పది నిమిషాలకి ఒకసారి, మర్నాడు పొద్దున్న ఇంకోసారి చూడండి. మచ్చ ఉంటే ఆ కీలు మాత్రం ఇంకొక్క పిసరు బిగించండి. అప్పటికీ ఆగకపోతే బిగించడం ఆపి, విప్పి, వాషరు అడ్డంగా పడిందేమో చూడండి.

గోడ కుళాయి సంగతి చెబుతానన్నాను. బకెట్ దగ్గర గోడలోంచి వచ్చే కుళాయికి వాషరు ఉండదు, మరే నీటిని ఆపాలి. అందుకే అక్కడ టేపు కావాలి. మర చివర మీ వైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కులో, లాగి పట్టి చుట్టాలి. ఎదురు దిక్కులో చుడితే బిగించేటప్పుడే టేపు విడిపోతుంది. మన దగ్గర దొరికే టేపు పల్చన, పది పన్నెండు చుట్లు వెయ్యాలి. మొదటి మర ఒకటి వదిలెయ్యాలి, టేపు ముక్క లోపలికి వేలాడకుండా. బిగించాక కుళాయి మూతి పక్కకి చూస్తూ ఆగిపోతే వెనక్కి తిప్పి సరిచెయ్యకండి. వెనక్కి తిప్పిన కీలు కారుతుంది. పూర్తిగా విప్పి, పాత టేపు తీసేసి, ఇంకో రెండు చుట్లు ఎక్కువ వేసి మళ్ళీ బిగించాలి.

ఇంతవరకూ ఎవరైనా చెయ్యగలరు. ప్రమాదం గోడ లోపల ఉంది. ఇప్పటి ఇళ్ళలో గోడలో ఉన్నవి సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులు, చివర ఇత్తడి మర ఉన్న ఎల్బో, అంటే వంపు ముక్క. పాత కుళాయి విప్పేటప్పుడు బలం ఎక్కువైతే కుళాయితో పాటు ఆ ఎల్బో కూడా గోడలో తిరుగుతుంది, లోపల పైపు విరుగుతుంది. రింగు రోడ్డు దగ్గర ఒక ఇంట్లో యజమాని రెండడుగుల గొట్టం పానా కాడకి తొడిగి తిప్పారు. కుళాయి వచ్చింది, గోడలోంచి నీళ్ళు కూడా వచ్చాయి. టైల్స్ ఆరు పగలగొట్టాల్సి వచ్చింది, అదే రంగు టైల్ మళ్ళీ దొరకలేదు. కుళాయితో పాటు గోడలో ఏదైనా కదులుతున్నట్టు చేతికి తెలిసినా, టైల్ అంచున సిమెంటు పొడి రాలినా అక్కడే ఆపేసి, పని తెలిసినవాళ్ళని పిలవండి. పాత ఇళ్ళలో జీఐ పైపులైతే తుప్పుకి మరలే మిగిలి ఉండవు. అవి కూడా మీరు ముట్టుకోవద్దు.

చివరిగా మిక్సర్. మీ బేసిన్‌కి వేడినీళ్ళ పైపు ఇప్పటికే వచ్చి ఉందా? బేసిన్ కింద రెండు యాంగిల్ కాక్‌లు ఉంటే ఉన్నట్టు, మామూలుగా ఎడమది వేడినీళ్ళది. ఒకటే ఉంటే మిక్సర్ ఆలోచన మానెయ్యండి, దానికోసం గోడ కొట్టాలి, అద్దె ఇంట్లో అది మీ పని కాదు. రెండూ ఉన్నా ఇంకో చిక్కు ఉంది. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే అంత ఒత్తిడి. ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు, 10 మీటర్ల ఎత్తుకి దాదాపు ఒక బార్. మీది పై అంతస్తే అయితే, మీ బేసిన్‌కీ ట్యాంకుకీ మధ్య 10 అడుగులు, అంటే 3 మీటర్లు ఉంటుందేమో. 0.3 బార్ మాత్రమే వస్తుంది. ఒకే పిడి ఉన్న మిక్సర్లు చాలావాటికి కనీసం అర బార్ కావాలి, కొన్నిటికి ఒక బార్. డబ్బా మీద కనీస ఒత్తిడి ఎంతో రాసి ఉంటుంది, చదివి కొనండి. మూడు వేలు పెట్టి మిక్సర్ కొని, ధార దారంలా వస్తోందని బాధపడిన పై అంతస్తువాళ్ళని చాలామందిని చూశాను. ప్రెషర్ పంపు ఉన్న అపార్ట్‌మెంటు అయితే ఈ ఇబ్బంది లేదు. మీ ఇంటికి మీరు తెప్పించిన మామూలు పిల్లర్ కాక్ చాలు.

బిగించాక నెలకోసారి ఆ జల్లెడ విప్పి, నిమ్మరసంలో అరగంట నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్ది పెట్టండి. సున్నం కరిగిపోతుంది. కుళాయి పైన తెల్లమచ్చలకి కూడా నిమ్మరసం తడిపిన గుడ్డ చుట్టి పది నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో కడిగి తుడిస్తే చాలు. బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం వద్దు, మెరుపు పూత నల్లబడిపోతుంది.

పాత కుళాయి పారెయ్యకండి. ఇల్లు ఖాళీ చేసే రోజున ఇంటివాళ్ళు అడిగితే ఇవ్వాలి. వాళ్ళకి అక్కర్లేదంటే పిడీ, దాని స్క్రూ దాచుకుని, మిగతాది పాత ఇత్తడి కొనేవాళ్ళకి కిలో లెక్కన ఇచ్చెయ్యండి. పని మొదలుపెట్టాక ఎక్కడైనా ఆగిపోతే, బేసిన్ కింద టార్చి వేసి ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. సాయంత్రం పనినుంచి వచ్చాక చూస్తాను.